మోషన్స్ బిళ్ళకీ మొండి అల్సర్‌కీ ఉన్న చుట్టరికం

గుంటూరు కొత్తపేటలో కడుపు డాక్టర్ల ఎండోస్కోపీ గదుల్లో చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దదైన ప్లాస్టిక్ పలక ఒకటి కనిపిస్తుంది. దాని మధ్యలో చిన్న గుంట, గుంటలో పసుపురంగు జెల్. నోట్లోంచి దింపిన గొట్టం వెంట సన్నటి పటకారు పంపి, కడుపు లోపలి పొర నుంచి నూకగింజంత ముక్క గిల్లి తెచ్చి ఆ జెల్‌లో గుచ్చుతారు. స్ప్రే కొట్టిన గొంతుకి తిమ్మిరి ఇంకా వదలకముందే కొన్నిసార్లు ఆ పసుపు గులాబీ రంగుకి తిరిగిపోతుంది. తిరిగిందంటే కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉన్నట్టు లెక్క. డాక్టర్లు పొట్టిగా హెచ్ పైలోరి అంటారు.

రంగు మారడంలో మాయేమీ లేదు. జెల్‌లో యూరియా కలిపి ఉంటుంది. ఈ బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ దండిగా ఉంటుంది. అది యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది, అమ్మోనియా క్షారం కాబట్టి జెల్ రంగు మారుతుంది. కడుపులో అది బతికేది కూడా ఈ ఉపాయంతోనే. తిన్న మాంసం ముక్కని కరిగించే ఆమ్లం మధ్య, తన చుట్టూ అమ్మోనియా కప్పుకుని, మెలికలు తిరిగిన ఒంటితో ఈదుకుంటూ జిగురు పొర కిందికి దూరిపోతుంది. దూరాక అక్కడే కాపురం. ఎక్కువమందిలో చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచో తాగే నీళ్ళ నుంచో చేరుతుంది. మందులు పెట్టి తరిమితే తప్ప సాధారణంగా జీవితాంతం కదలదు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ‘జీవితాంతం’ చుట్టూనే తిరుగుతుంది.

గుంటూరులో కడుపులో పుండు అనగానే నింద పడేది మిరపకాయ మీద. ఆసియాలోకెల్లా పెద్దదని పేరున్న మిర్చి యార్డు ఊళ్ళోనే ఉంది మరి. రోగి తనంతట తనే నేరం ఒప్పేసుకుంటాడు: ‘కారం ఎక్కువ తింటానండీ, అదే పట్టుకుంది.’ నిజానికి మిరప ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నరాల కొసల్ని తట్టి లేపుతుంది. మంట పుడుతుంది గానీ పుండు పడదు. సింగపూర్‌లో చేసి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అయితే, అల్సర్ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా తక్కువ కారం తినేవాళ్ళని తేలింది. ఉన్న పుండు మీద ఆవకాయ పడితే ప్రాణం మీదికొచ్చినట్టు ఉంటుంది, కాదనలేం. కానీ పుండు పెట్టింది అది కాదు. యార్డులో టిక్కీలు మోసే హమాలీకి అల్సర్ వస్తే అనుమానించాల్సిన వాళ్ళు ఇద్దరే: ఒకటి ఈ బ్యాక్టీరియా, రెండోది నడుం నొప్పికి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళ. ఈ వ్యాసం మొదటిదాని గురించి.

కడుపులో ఆమ్లం ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియా బతకదని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపు ముక్కల్లో ఈ మెలికల క్రిముల్ని గమనించాడు. బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో చేరాడు. ఎన్నిసార్లు పెంచుదామన్నా ప్లేట్ల మీద ఏమీ మొలవలేదు. రెండు రోజులు చూసి పారేయడం ల్యాబు అలవాటు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ప్లేట్లు ఐదు రోజులు ఇంక్యుబేటర్లోనే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే మొలిచి ఉన్నాయి. క్రిమికి కావలసింది ఇంకాస్త తీరిక, అంతే. 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రావకాన్ని తనే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈలోగా 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది.

జన్మంతా పీడించే జబ్బు రెండు వారాల బిళ్ళలతో పోతుందంటే అల్సర్ రోగులకి అంతకన్నా శుభవార్త ఏముంటుంది? అంతకుముందు అల్సర్ అంటే పాలూ బ్రెడ్డూ, నమిలే యాంటాసిడ్ బిళ్ళలు, అవి చాలకపోతే కడుపు కోసి చేసే ఆపరేషన్. కొత్త వైద్యంలో మూడు మందులు: ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ జాతి బిళ్ళ ఒకటి, క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్. రోజుకి రెండు పూటలకీ సరిపడా మందులు ఒకే అట్టపెట్టెలో పెట్టి ‘కిట్’ పేరుతో షాపుల్లో అమ్ముతున్నారు. తొలి రోజుల్లో పదిమంది వాడితే తొమ్మిదిమందికి క్రిమి పోయేది. తర్వాత తర్వాత ఏడుగురికి పోతే గొప్ప అనే స్థితి చాలాచోట్ల వచ్చింది. ఏడు రోజుల కోర్సు పద్నాలుగు రోజులైంది. అయినా ఫలితం పూర్తిగా వెనక్కి రాలేదు.

ఎందుకు రాలేదో అర్థం కావాలంటే ఆ మూడు మందులూ కలిసి ఎలా పనిచేస్తాయో చూడాలి. పాంటాప్రజోల్ క్రిమిని నేరుగా చంపేది తక్కువ. కడుపులో పులుపు తగ్గిస్తే రెండు మేళ్ళు. ఆమ్లంలో పాడైపోయే యాంటీబయాటిక్స్ పాడవకుండా నిలుస్తాయి. పులుపుకి ముడుచుకుని కూర్చున్న క్రిమి, హాయిగా ఉందనుకుని విభజన మొదలుపెడుతుంది. అమాక్సిసిలిన్ దెబ్బ తగిలేది పెరుగుతున్న క్రిమికే, నిద్రపోతున్నదానికి కాదు. ఇక యాంటీబయాటిక్స్ రెండెందుకంటే, కడుపులో ఉన్న కోట్లాది క్రిముల్లో ఏ ఒకటో రెండో ఒక మందుకి లొంగని మార్పుతో ముందే పుట్టి ఉండొచ్చు. రెండు మందులకీ ఒకేసారి లొంగని క్రిమి పుట్టి ఉండటం దాదాపు అసాధ్యం. ఒకదాని నుంచి తప్పించుకున్నది రెండోదానికి దొరుకుతుంది. కానీ కోర్సు మొదలయ్యేనాటికే క్రిములన్నీ క్లారిత్రోమైసిన్‌కి అలవాటుపడి ఉంటే? కాగితం మీద రెండు యాంటీబయాటిక్స్ రాసినట్టే ఉంటుంది, కడుపులో పనిచేసేది ఒక్కటే.

భారతదేశంలో పరిస్థితి ఏమిటన్నదానికి 2003లో అచ్చయిన ఒక అధ్యయనం ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది. హైదరాబాద్, చెన్నై సహా కొన్ని కేంద్రాల నుంచి తెచ్చిన క్రిముల్ని పరీక్షిస్తే, నూటికి సుమారు 78 ఈ వైద్యంలోనే వాడే మరో యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్‌కి, సుమారు 45 క్లారిత్రోమైసిన్‌కి లొంగలేదు. ఒక ప్రాంతంలో క్లారిత్రోమైసిన్‌కి లొంగని క్రిములు 15 శాతం దాటితే, పరీక్ష చేయకుండా ఆ మందుతో మామూలు మూడు మందుల కోర్సు మొదలుపెట్టొద్దన్నది యూరప్ నిపుణుల మార్గదర్శకం. మన లెక్క 2003లోనే దానికి మూడింతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో విడుదల చేసిన ప్రమాదకర క్రిముల జాబితాలో క్లారిత్రోమైసిన్‌కి లొంగని హెచ్ పైలోరి కూడా పై వరుసల్లో నిలిచింది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. 2003 నాటికి మన ఊళ్ళలో హెచ్ పైలోరి వైద్యం తీసుకున్నవాళ్ళు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ క్రిమి పేరే చాలామంది వినలేదు. వైద్యమే జరగని క్రిమి మందుకి అలవాటుపడటం ఎలా సాధ్యం?

జవాబు అల్సర్ వార్డులో దొరకదు, వీధి మొగలో మందుల షాపులో దొరుకుతుంది. ‘రెండు మోషన్స్ బిళ్ళలివ్వండి’ అన్న మాటలో ఉంది. నీళ్ళ విరేచనాలు మొదలైతే గుంటూరులో గానీ బెజవాడలో గానీ చేతికొచ్చేది దశాబ్దాలుగా మెట్రోనిడజోల్, లేదా దాని చుట్టాలు టినిడజోల్, ఆర్నిడజోల్. చాలాసార్లు ఇంకో యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే బిళ్ళగా ఇస్తారు. అమీబా, జియార్డియా లాంటి వాటికి మెట్రోనిడజోల్ మంచి మందే, అనుమానం లేదు. కానీ పిల్లలకీ పెద్దలకీ వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లో, రెండు మూడు రోజుల్లో తమంతట తాము తగ్గిపోయే బ్యాక్టీరియా వల్లో వచ్చేవి. వాటికి కావలసింది ఓఆర్‌ఎస్, పిల్లలకైతే జింకు. బిళ్ళ వేశాక తగ్గింది కాబట్టి బిళ్ళ వల్లే తగ్గిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. మళ్ళీ విరేచనాలైతే మళ్ళీ అదే స్ట్రిప్.

మూడు రోజుల ఆ కోర్సుని కడుపులో కాపురమున్న హెచ్ పైలోరి వైపు నుంచి చూడండి. తనకోసం కాకపోయినా మందు తన మీద కూడా పడుతుంది. తోడు మందు ఉండదు, ఉన్నా తనకి తగినది కాదు. ఆమ్లం తగ్గించేది ఉండదు. పద్నాలుగు రోజులు కాదు, మూడే రోజులు. చాలాసార్లు ఒకటిన్నర రోజే, మోషన్స్ ఆగగానే మిగతా బిళ్ళలు ఫ్రిజ్ మీదికి చేరతాయి. క్రిమిని చంపడానికి ఏమేం కావాలో అవేవీ ఉండవు, దానికి మందు అలవాటు చేయడానికి ఏం కావాలో అన్నీ ఉంటాయి. ఒక మనిషికి పదేళ్ళ వయసులో క్రిమి చేరి నలభై ఏళ్ళకి అల్సర్ బయటపడిందనుకుంటే, మధ్యలో ముప్ఫై ఏళ్ళపాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి బిళ్ళా ఆ అద్దెదారు రుచి చూసినట్టే.

టైఫాయిడ్ క్రిమితో పోలిస్తే తేడా తెలుస్తుంది. అది చాలామందిలో చుట్టపుచూపుగా వచ్చి, రెండు మూడు వారాలు గొడవ చేసి పోయేది. అది మందుల్ని ఎదిరించే విద్యని ఎక్కువగా ఇతర బ్యాక్టీరియా నుంచి అరువు తెచ్చుకుంటుంది. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ చుట్టల్లో నాలుగైదు మందుల్ని ఎదిరించే జన్యువులు ఒకే మూటగా చేతులు మారతాయి. 1972లో కేరళలోని కాలికట్‌లో క్లోరాంఫెనికాల్‌కి లొంగని టైఫాయిడ్ అలాగే బయటపడింది. హెచ్ పైలోరి ప్రధానంగా అరువు మీద బతికేది కాదు. తన సొంత జన్యువుల్లో పడే అక్షర దోషాలే దానికి ఆయుధాలు. దోషమున్న క్రిమి ఒక్కటి మందుకి మిగిలితే దాని సంతానమే కడుపంతా నిండుతుంది. అందుకే ఊళ్ళో ఏ మందు ఎంత వాడారో చెప్పే చిట్టా అని దీన్ని అనుకోవచ్చు. ఒకే మనిషి కడుపులో పైభాగంలో లొంగే క్రిములు, కింది భాగంలో లొంగని క్రిములు ఉండటం కూడా మామూలే.

ఆ దోషాలు ఎలా పనిచేస్తాయో చూస్తే వైద్యంలో ఏది సాధ్యమో ఏది కాదో తెలుస్తుంది. మెట్రోనిడజోల్ క్రిమిలోకి దూరేటప్పుడు పెద్ద హానికరం కాదు. క్రిమి సొంత ఎంజైమే దాన్ని మార్చి విషంగా తయారుచేస్తుంది, ఆ విషం దాని డీఎన్‌ఏని తునాతునకలు చేస్తుంది. తప్పించుకోవాలంటే క్రిమి చేయాల్సింది చాలా తేలిక: ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువుని పాడుచేసుకోవడం. కొత్త యంత్రం కట్టడం కష్టం గానీ ఉన్నదాన్ని పగలగొట్టడం ఎంతసేపు? అందుకే ఈ నిరోధకత అంత త్వరగా, అంత విరివిగా వస్తుంది. అదృష్టం ఏమిటంటే ఇది పూర్తి నిరోధకత కాదు. మోతాదు పెంచి, రోజులు పెంచి, బిస్మత్ అనే లోహపు మందు తోడిస్తే మెట్రోనిడజోల్ చాలావరకు మళ్ళీ పనిచేస్తుంది.

క్లారిత్రోమైసిన్ కథ వేరు. అది క్రిమిలో ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్ అనే మిల్లులో ఒక గాడిలో కూర్చుని మిల్లు ఆపేస్తుంది. ఆ గాడిని కట్టే ఆర్‌ఎన్‌ఏలో దాదాపు మూడువేల అక్షరాలుంటే, వాటిలో ఒక్క అక్షరం మారితే చాలు, మందు గాడిలో కూర్చోలేదు. అప్పుడు రెట్టింపు మోతాదు ఇచ్చినా ప్రయోజనం సున్నా. ఆ ఒక్క అక్షరం మార్పు క్లారిత్రోమైసిన్ వల్లే మిగలాలనేం లేదు. అదే గాడిలో కూర్చునే దాని దాయాదులు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ కూడా ఆ మార్పున్న క్రిమినే మిగులుస్తాయి. జలుబుకీ గొంతునొప్పికీ దగ్గుకీ అజిత్రోమైసిన్ మూడు బిళ్ళల స్ట్రిప్ ఇవ్వడం, అడగడం రెండూ ఇక్కడ అలవాటే. కరోనా రోజుల్లోనైతే ఆ పేరు నోరు తిరగని ముసలివాళ్ళకి కూడా కంఠతా వచ్చేసింది. ఆ జబ్బుకి దానివల్ల లాభం లేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రయోగాలు 2021లో తేల్చేసరికే ఎన్ని స్ట్రిప్పులు చెల్లిపోయాయో! పైగా అజిత్రోమైసిన్ ఒంట్లోంచి త్వరగా పోదు. సగం తగ్గడానికే మూడు రోజుల దాకా పడుతుంది. మూడో బిళ్ళ వేసుకున్నాక కూడా రోజుల తరబడి చంపడానికి చాలనంత, అలవాటు చేయడానికి సరిపోయేంత మోతాదులో ఒంట్లో మిగిలి ఉంటుంది.

ఇక విరేచనాలు ఇన్నిసార్లు ఎందుకొస్తాయన్న ప్రశ్నని పక్కన పెట్టి మందుల షాపుని తిట్టడం న్యాయం కాదు. 2018 మార్చిలో గుంటూరు పాతూరి వైపు, ఆనందపేట పరిసరాల్లో విరేచనాలు ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. తాగునీటి పైపుల్లో మురుగు కలిసిందన్నదే అప్పుడు ఊరంతా మాట్లాడుకున్న విషయం. 2024 మే నెలాఖర్లో విజయవాడ మొగల్రాజపురంలో, 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరిపేటలో మళ్ళీ విరేచనాలు వ్యాపించాయి. మధ్యలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది. కాలవ పక్కనే కుళాయి లైను, లైనుకి తుప్పు, గంటసేపు నీళ్ళు వదిలి ఆపేయగానే ఖాళీ పైపులోకి బయటి మురుగు పీల్చుకోవడం: ఇంజనీర్లకి ఇది తెలియని సంగతి కాదు.

ఈ మురుగు నీళ్ళు రెండు పనులు ఒకేసారి చేస్తాయి. హెచ్ పైలోరిని కొత్త కడుపుల్లోకి చేర్చే దారుల్లో కలుషిత నీరు ఒకటి. అదే నీరు విరేచనాలు పుట్టించి, ఇంటింటికీ మెట్రోనిడజోల్ చేరేలా చేస్తుంది. అంటే క్రిమినీ అదే తెస్తోంది, ఆ క్రిమికి మందుల మీద తర్ఫీదునీ అదే ఇస్తోంది. పైపులు మార్చడం మున్సిపల్ ఖర్చుగా లెక్కల్లో కనిపిస్తుంది గానీ, యాంటీబయాటిక్స్‌ని కాపాడే ఖర్చుగా ఎవరూ రాసుకోరు. డాక్టర్లకీ షాపులవాళ్ళకీ పాఠాలు చెప్పడానికి పెట్టే శ్రద్ధలో సగం పైపుల మీద పెడితే ఫలితం ఎక్కువ ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఒకసారి చూడాలి. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని మందులు అమ్మినప్పుడు షాపువాడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. అప్పటి 46 మందుల జాబితాలో సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి, టీబీ మందులు ఉన్నాయి. మెట్రోనిడజోల్ లేదు, అజిత్రోమైసిన్ లేదు. అంటే హెచ్ పైలోరికి పాఠాలు చెప్పిన ఇద్దరు పంతుళ్ళూ ఆ రిజిస్టర్ బయటే ఉన్నారు. చీటీ లేకుండా అమ్మకూడదన్న పాత నిబంధన వాటికీ ఉందనుకోండి. అది ఎలా అమలవుతోందో వీధిలో అందరికీ తెలుసు.

మరి ఎండోస్కోపీ చేసి పుండు చూసిన డాక్టరు ఏ మందు పనిచేస్తుందో ముందే పరీక్ష చేయించొచ్చు కదా అనిపిస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే కల్చర్ చేయించినట్టు. ఇక్కడే ఈ క్రిమి మొండితనం మళ్ళీ అడ్డొస్తుంది. ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉన్న గాలి కావాలి, రక్తం కలిపిన జెల్లీ లాంటి ప్రత్యేకమైన తిండి కావాలి, చాలా రోజులు ఆగాలి. కడుపు ముక్క ల్యాబుకి చేరేలోపే క్రిమి చచ్చిపోవచ్చు. మామూలు ల్యాబులు దాని జోలికి పోవు. క్లారిత్రోమైసిన్ తాలూకు ఆ ఒక్క అక్షరాన్ని పీసీఆర్‌తో పట్టే పద్ధతి ఉంది గానీ అది రోజువారీ వైద్యంలోకి ఇంకా రాలేదు. కాబట్టి డాక్టరు రాసేది ఎక్కువసార్లు అంచనా మీదే.

అంచనాకి ఆధారం ఒక్కటే మిగులుతుంది, రోగి గతంలో వాడిన మందులు. గతంలో అజిత్రోమైసిన్ లాంటివి వాడినవాళ్ళకి క్లారిత్రోమైసిన్ పనిచేయకపోయే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. డబ్బు ఖర్చు లేని పరీక్ష అది, ఓ ప్రశ్న అడిగితే చాలు. కానీ జవాబు ఎక్కడుంటుంది? ఆర్‌ఎంపీ కాగితం పొట్లంలో కట్టిచ్చిన బిళ్ళల పేరు ఎవరికి గుర్తు? ‘తెల్ల బిళ్ళ, పొడుగ్గా ఉంటదండీ’ అంటారు. షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్ ముక్క మీద పేరున్న వైపు షాపులోనే ఉండిపోతుంది. బిల్లు అడిగితే వింతగా చూస్తారు. ఒక ఇంట్లో పాత మందుల చీటీలు ఫైలులో పెట్టి ఉంటే, కడుపు డాక్టరుకి ఆ ఫైలు ఎండోస్కోపీ రిపోర్టు కన్నా తక్కువేం కాదు.

ఈ కారణాలతోనే నాలుగు మందుల కోర్సు ముందుకొచ్చింది. అమెరికా నిపుణుల 2024 మార్గదర్శకం దీన్నే మొదటి వరుసలో పెట్టింది. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే బిళ్ళ. బిస్మత్ అనేది లోహం, దానికి నిరోధకత దాదాపు కనబడదు. టెట్రాసైక్లిన్‌కి కూడా చాలా తక్కువ. దాని బదులు సులువుగా దొరికే డాక్సీసైక్లిన్ రాస్తే అంత ఫలితం ఉండదు. రెండూ ఒకటే జాతి కదా అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

కాగితం మీద బాగానే ఉంది. ఇంట్లో మింగేటప్పుడు చూడాలి. బిస్మత్ నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ మూడుసార్లు, ఆమ్లం బిళ్ళ రెండుసార్లు. రోజుకి 13 డోసులు, పద్నాలుగు రోజులకి 182. ఆమ్లం బిళ్ళ టిఫిన్‌కి అరగంట ముందు, పరగడుపున. టెట్రాసైక్లిన్ పాలు, పెరుగులతో కలవకూడదు, కలిస్తే ఒంటికి పట్టదు. పెరుగన్నం లేకుండా భోజనం ముగియని ఇంట్లో ఈ ఒక్క షరతే పెద్ద తలనొప్పి. మెట్రోనిడజోల్‌తో నోరంతా చిలుం పట్టిన రాగిచెంబు నీళ్ళు తాగినట్టు ఉంటుంది. ఆ రెండు వారాలూ మద్యం ముట్టకూడదు. బిస్మత్‌తో నాలుక నల్లబడుతుంది, దొడ్డికి నల్లగా అవుతుంది. ముందుగా చెప్పకపోతే, అల్సర్‌లోంచి రక్తం పోతే నల్లగా అవుతుందని విన్న మనిషి హడలిపోయి ఐదో రోజే అన్నీ ఆపేస్తాడు. డాక్టరు రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పడం కూడా మందులో భాగమే. వందమంది ఓపీలో ఆ రెండు నిమిషాలు ఎక్కడివన్నది వేరే సంగతి.

ఐదో రోజు ఆపేసినవాళ్ళకి జరిగేదేమిటో పైన చెప్పిన మోషన్స్ బిళ్ళల లెక్కతోనే చెప్పుకోవచ్చు. లొంగేవి చచ్చాయి, లొంగనివి మిగిలాయి. కడుపునొప్పి మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే పాంటాప్రజోల్ నొప్పిని తగ్గిస్తుంది. తగ్గింది కాబట్టి క్రిమి పోయిందనుకుంటారు.

పోయిందో లేదో తేల్చడానికి కోర్సు అయిపోయిన నాలుగు వారాలకి మళ్ళీ పరీక్ష చేయాలి. గొట్టం అక్కర్లేదు, ఊపిరి పరీక్షో మల పరీక్షో సరిపోతుంది. రక్తంలో యాంటీబాడీల పరీక్ష మాత్రం పనికిరాదు, క్రిమి పోయినా అది చాలాకాలం పాజిటివ్‌గానే చూపిస్తుంది. తక్కువ ఖర్చులో అవుతుందని దాన్నే చేయించి, పాజిటివ్ చూసి రెండోసారి యాంటీబయాటిక్స్ వాడటం అనవసరంగా జరిగే పొరపాట్లలో ఒకటి. ఇంకో మెలిక పాంటాప్రజోల్‌ది. గ్యాస్ ట్రబుల్ అంటూ ఏళ్ళ తరబడి పొద్దున్నే పరగడుపున ఈ బిళ్ళ వేసుకునేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ బిళ్ళ ప్రభావంలో క్రిములు కడుపు కింది భాగం నుంచి తగ్గి పైకి జరుగుతాయి, యూరియేజ్ పని కూడా మందగిస్తుంది. అప్పుడు పసుపు జెల్ పసుపుగానే ఉండిపోతుంది. పరీక్షకి రెండు వారాల ముందు ఆ బిళ్ళ, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపాలన్నది అందుకే. ఒంట్లో క్రిమిని పెట్టుకుని ‘నెగెటివ్’ కాగితం దాచుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

ఇదంతా చదివి ఊరందరికీ పరీక్ష చేయించాలని ఎవరైనా అనుకుంటే అది ఇంకో ప్రమాదం. భారతదేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా ఈ క్రిమిని మోస్తున్నవాళ్ళే. వాళ్ళలో చాలామందికి ఏ అల్సరూ రాదు. ఇంత విస్తారంగా క్రిమి ఉన్నా కడుపు క్యాన్సర్ మన దగ్గర జపాన్, చైనాల స్థాయిలో లేకపోవడం పరిశోధకులకి ఇప్పటికీ పొడుపు కథే. పుండు ఉన్నవాళ్ళు, పుండులోంచి రక్తం పోయినవాళ్ళు, ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్ళు, గుండె కోసం ఆస్పిరిన్ లాంటివి ఏళ్ళ తరబడి వాడాల్సినవాళ్ళు, వీళ్ళకి వైద్యం చేయడంలో వాదమే లేదు. భోజనం తర్వాత నాలుగు తేన్పులొచ్చాయని ప్యాకేజీ పరీక్షలో పాజిటివ్ చూసి కిట్ కొనడం వేరు. కొన్ని దేశాల నిపుణులు క్రిమి కనిపిస్తే చాలు, తీసేయమంటారు. క్యాన్సర్ ఎక్కువున్న చోట ఆ మాట సబబే. కోట్లమందికి యాంటీబయాటిక్స్ పోస్తే వాళ్ళ పేగుల్లోని మిగతా బ్యాక్టీరియా కూడా ఆ పాఠం నేర్చుకుంటుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆచితూచి వ్యవహరించడమే మేలు.

కొత్త మందుల ఆశ లేకపోలేదు. జపాన్‌లో 2015 నుంచి వోనోప్రజాన్ వాడుతున్నారు. ఆమ్లాన్ని పాంటాప్రజోల్ కన్నా త్వరగా, ఎక్కువసేపు అణిచిపెడుతుంది, దానితో అమాక్సిసిలిన్ మరింత బాగా పనిచేస్తుంది. ఇప్పుడు మన షాపుల్లోకీ వచ్చింది. వచ్చిందంటే గ్యాస్ బిళ్ళగా మారడానికి ఎన్నాళ్ళు పడుతుందో మరి.

మొదటి కోర్సు ఓడితే రెండోది రాస్తారు, అందులో మొదటిసారి వాడిన క్లారిత్రోమైసిన్ మళ్ళీ ఉండకూడదు. లీవోఫ్లాక్సాసిన్ ఒక దారి గానీ, టైఫాయిడ్‌కీ మూత్రంలో మంటకీ అదే జాతి మందులు విరివిగా వాడేసిన మన దగ్గర దాని బలం కూడా తగ్గింది. రెండు మూడు కోర్సులు ఓడినవాళ్ళకి పాశ్చాత్య దేశాల పుస్తకాలు చివరి ఆసరాగా రిఫాబ్యుటిన్ పేరు చెబుతాయి. హెచ్ పైలోరిలో దానికి నిరోధకత చాలా తక్కువ, పనిచేస్తుంది. కానీ అది టీబీకి మూలస్తంభమైన రిఫాంపిసిన్‌కి తోబుట్టువు. దగ్గుతున్న మనిషికి ఊపిరితిత్తుల్లో టీబీ ఉందో లేదో తేలకుండా కడుపు కోసం ఆ మందొక్కటే పది రోజులు ఇస్తే, టీబీ క్రిమికి రిఫాంపిసిన్ మీద తర్ఫీదు ఇచ్చినట్టవుతుంది. మోషన్స్ బిళ్ళ హెచ్ పైలోరికి ఏం చేసిందో, హెచ్ పైలోరి బిళ్ళ టీబీకి అదే చేస్తుంది. అందుకే ఆ మందు రాసే ముందు కడుపు డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించుకు రమ్మంటాడు.